టెక్ షేర్ల రీసెర్చ్ యాప్: లెక్కల పేజీ బంగారం, జోస్యం మీటర్ వద్దు

టెక్ షేర్లు పడటం మొదలైతే అందరూ అడిగేది ఒకటే: ఇక్కడి నుంచి కోలుకుంటాయా, ఇంకా జారతాయా? ఆ ప్రశ్నకు జవాబు చెబుతామనే ఒక పెయిడ్ రీసెర్చ్ యాప్‌ని చాలాకాలంగా వాడుతున్నాను. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో నడిచేవి చాలా ఉన్నాయి, ఏది తీసుకున్నా చూడాల్సినవి ఇవే. నేను అకౌంట్స్ పని చేసేదాన్ని, కాబట్టి నా కన్ను ముందు లెక్కల మీదికే పోతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది కంపెనీ పేజీలో ఉండే చీలిక పట్టీ. షేరు ఎంత పడిందో చెప్పి ఊరుకోదు, ఎందుకు పడిందో రెండు రంగుల్లో విడగొట్టి చూపిస్తుంది. ఒక షేరు 40 శాతం పడిందనుకోండి. వచ్చే ఏడాది లాభం అంచనా 100 నుంచి 90కి తగ్గి, పీఈ (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 45 నుంచి 30కి దిగితే సరిగ్గా ఆ 40 శాతం వస్తుంది. అంటే దెబ్బలో ఎక్కువ భాగం జనం చెల్లించే రేటు తగ్గడం వల్ల, వ్యాపారం చెడటం వల్ల కాదు. అదే పీఈ కదలకుండా లాభం అంచనానే 40 శాతం తగ్గితే కథ పూర్తిగా వేరు. ఈ రెండు షేర్లూ చార్టులో ఒకేలా కనిపిస్తాయి. పట్టీ చూసేదాకా తేడా తెలియదు.

పీఈ తగ్గితే భయం లేదని కాదు. నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కోనే చూడండి. 2000 మార్చిలో దాని పీఈ వందకు చాలా పైన ఉండేది. తర్వాత అమ్మకాలు రెండింతలు దాటినా, షేరు అప్పటి గరిష్ఠ ముగింపు ధరను మళ్లీ దాటింది 2025 డిసెంబర్‌లోనే. కంపెనీ బతికింది, పెరిగింది, ఆ రేటుకు కొన్నవాళ్లు మాత్రం పాతికేళ్లు ఆగారు. యాప్‌లో పాత పీఈల చరిత్ర ఉంది కాబట్టి ఇది అక్కడే తేల్చుకోవచ్చు.

ఇంత మంచి పనిముట్టు చేతిలో పెట్టుకుని హోమ్ పేజీలో 'రికవరీ మీటర్' ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు. టెక్ రంగమంతటినీ ఒకే గాటన కట్టి, సున్నా నుంచి వంద దాకా ఒక్క అంకె ఇస్తుంది. గత పతనాల సగటు తీసి, వడ్డీ రేట్లకు పెద్ద వాటా ఇచ్చి లెక్కగడతారట. టెక్ షేర్లు ఎక్కువగా ఉండే అమెరికా సూచీ నాస్‌డాక్ కాంపోజిట్ 2000 మార్చిలో 5,048 దగ్గర ముగిసి, 2002 అక్టోబర్‌కి 1,114కి పడి, పాత స్థాయికి 2015లో గానీ చేరలేదు. అదే సూచీ 2022లో 33 శాతం పడి 2023లో 43 శాతం లేచింది. ఈ రెండిటికీ సగటు తీస్తే ఏం తెలుస్తుంది? పైగా వడ్డీ పెరిగితే షేర్లు పడతాయనుకుంటే, 2023లో టెక్ షేర్లు లేస్తున్నప్పుడు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేట్లు జూలై దాకా పెంచుతూనే ఉంది!

ఫేస్‌బుక్ నడిపే మెటా షేరు 2022లో 64 శాతం పడింది, 2023లో దాదాపు మూడింతలైంది. 2022లో లాభం తగ్గింది నిజమే, కానీ వాడేవాళ్లు పారిపోయి కాదు, ఖర్చు అదుపు తప్పి. ఖర్చు తగ్గించుకోవడం కంపెనీ చేతిలో ఉన్న పని. కస్టమర్లు వెళ్లిపోతే అలా కుదరదు. ఏ మీటరూ ఈ తేడా చెప్పదు, ఫలితాల రిపోర్టు చదవాల్సిందే.

ఇంకో లోపం నాకు చాలా చిరాకు తెప్పించింది. ఫ్రీ క్యాష్ ఫ్లో (ఖర్చులూ పెట్టుబడులూ పోగా మిగిలే నగదు) గడి ఉంది గానీ, ఉద్యోగులకు జీతంలో భాగంగా ఇచ్చే షేర్ల ఖర్చుకు వేరే గడి లేదు. ఆ ఖర్చులో నగదు బయటికి పోదు కాబట్టి క్యాష్ ఫ్లో నిండుగా కనిపిస్తుంది, కానీ షేర్ల సంఖ్య పెరిగి మన వాటా పలచబడుతుంది. టెక్ కంపెనీల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. సపోర్ట్‌కి రాస్తే 'మీ సూచనను పరిశీలిస్తాం' అన్నారు, అంతే.

నోటిఫికేషన్లు మొదటి రోజే ఆపేయండి. మార్కెట్ పడిన రాత్రి 'బాటమ్ వచ్చేసిందా?' అని వచ్చే మెసేజ్ వల్ల టెన్షన్ తప్ప లాభం లేదు.

లెక్కల పేజీకి 5కి 4, మీటర్‌కి 1. ఏడాది ప్లాన్ అక్కర్లేదు. త్రైమాసిక ఫలితాలు వచ్చే నెలల్లో మాత్రం నెల ప్లాన్ తీసుకుంటే చాలు. ఆటో రెన్యూవల్ టిక్ ముందే పెట్టి ఉంటుంది, డబ్బు కట్టే ముందే తీసేయండి.