హెర్మన్ హెస్సే మ్యూజియం, మొంతన్యోలా

స్విట్జర్లాండ్ దక్షిణాన, లుగానో నుంచి పోస్టల్ బస్సు ఎక్కి కొండ మీదికి వెళితే మొంతన్యోలా అనే చిన్న ఊరు వస్తుంది. జర్మన్ నవలాకారుడు, కవి హెర్మన్ హెస్సే 1919లో కుటుంబాన్నీ పాత జీవితాన్నీ వదులుకొని వచ్చి స్థిరపడింది ఇక్కడే. ఆయన 1931 వరకు అద్దెకున్న కాసా కముజ్జి పక్కనే ఉన్న పాత బురుజులో 1997 నుంచి ఈ మ్యూజియం నడుస్తోంది.

పెద్ద భవనాలూ పాలరాతి విగ్రహాలూ ఆశించి వెళ్ళేవారికి ఇది నచ్చకపోవచ్చు. నాకు నచ్చింది మాత్రం అది అంత చిన్నగా ఉండడమే. అద్దాల వెనుక ఆయన కళ్ళజోడు, అక్షరాలు అరిగిన టైప్‌రైటర్ చూస్తూ, 1922లో వెలువడిన ఆయన నవల 'సిద్ధార్థ' ఈ గోడల పక్కనే పూర్తయిందన్న సంగతి తలచుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను. నీటిరంగుల చిత్రాలనైతే తీరిగ్గా చూడాలి. నలభయ్యో ఏటికి కాస్త ముందు, మనసు బాగా దెబ్బతిన్న రోజుల్లో కుంచె పట్టిన మనిషి ఎరుపునూ పసుపునూ ఇంత ధైర్యంగా వాడాడంటే ఆశ్చర్యమే.

భారతీయ పాఠకులు ఒక విషయం తెలుసుకొని వెళ్ళడం మంచిది. హెస్సే తల్లి పుట్టింది కేరళలోని తలశ్శేరిలో; తాత గుండర్ట్ 1872లో మలయాళ నిఘంటువు వెలువరించిన పండితుడు. ఇంత బంధం ఉన్నా, 1911 నాటి తూర్పు యాత్రలో హెస్సే సింహళం, సుమత్రా చూశాడే గాని మన గడ్డపై అడుగుపెట్టలేదు.

దారిలో ఒక దుకాణంలో కొన్న 'సిద్ధార్థ' ప్రతిలో అచ్చు మరీ సన్నం, రెండు పుటలు ఖాళీ. పుస్తకం ఇంటి నుంచే తెచ్చుకోండి. మ్యూజియం చూశాక, ఆయన సమాధి ఉన్న సంత్ అబ్బోందియో శ్మశానవాటిక దాకా నడిచి వెళ్ళవచ్చు.