ప్లాంటర్స్ వేరుశనగ డబ్బా: రుచి, వెనుక కథ

అమెరికాలో ఏ కిరాణా అంగడిలోనైనా కనిపించే ప్లాంటర్స్ కాక్‌టెయిల్ పీనట్స్ డబ్బా వెనుక నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఇటలీ నుంచి బాలుడిగా వలస వచ్చి, పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారేలో వేరుశనగలు వేయించి అమ్ముకున్న అమేడియో ఒబీచీ, సాటి ఇటాలియన్ మారియో పెరూజీతో కలిసి 1906లో ఈ వ్యాపారాన్ని ప్రారంభించాడు. గింజ విరగకుండా పొట్టు తీసి ఉప్పు పట్టించే పద్ధతే వారికి పేరు తెచ్చింది. 1913లో వేరుశనగ పండే వర్జీనియాకే వెళ్లి సఫోక్‌లో కర్మాగారం పెట్టడం, నా దృష్టిలో, అంతకంటే తెలివైన పని. టోపీ, చేతికర్ర, ఒంటికంటి అద్దంతో కనిపించే ప్లాంటర్స్ చిహ్నం మిస్టర్ పీనట్‌కు మూలం 1916 నాటి పోటీలో ఒక బడిపిల్లవాడు గీసిన బొమ్మ. తర్వాత ప్లాంటర్స్ చేతులు చాలా మారి, 2021లో సుమారు 335 కోట్ల డాలర్లకు హార్మెల్ అనే అమెరికా ఆహార సంస్థ పరమైంది.

మూత కింది రేకు లాగగానే నూనెలో వేగిన కమ్మని వాసన వస్తుంది. పొట్టుతో సహా ఇసుకలో వేయించిన మన పల్లీల మాడువాసనకు అలవాటుపడిన నాలుకకు ఇది కాస్త సౌమ్యంగానే తోస్తుంది గానీ, కరకరలో లోటు లేదు. ఉల్లిముక్కలు, పచ్చిమిర్చి, నిమ్మరసం కలుపుకుంటే వేరే ఉప్పు వేయనక్కరలేదు.