గాలి మ్యాప్ యాప్: వరదలకని వేసుకున్నది, మారిషస్‌కి పనికొచ్చింది

ఈ యాప్‌లో వాన, మబ్బు, ఎండ అన్నీ ఉన్నాయి. అవి ఫోన్‌తో పాటు వచ్చే వాతావరణం యాప్‌లోనూ దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కదాని గురించే. మ్యాప్ మీద సన్నని తెల్ల గీతలుగా గాలి కదలతా కనిపిస్తుంది చూడండి, ఆ బొమ్మ గురించి. దాన్ని చూస్తా నేను ఎంతసేపు కూర్చుంటానంటే, "అంత గాలి ఫోన్లోనే ఉంటే ఇంగ ఫ్యాన్ ఆపేయ్" అంటాడు మా ఆయన.

వేసుకున్నది 2021 నవంబర్‌లో. తిరుపతిలో ఉండేవాళ్లకి ఆ నెల గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. కపిలతీర్థం దగ్గర నీళ్లు విరుచుకుపడటం, తిరుమల మెట్ల మీద వరద పారటం, స్వర్ణముఖి ఒడ్డున ఇళ్లు కూలటం, ఆ తర్వాత రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించటం. వాట్సాప్‌లో వచ్చే ప్రతి ఆడియోకీ గుండె దడదడలాడే ఆ రోజుల్లో, బంధువుల అబ్బాయి ఒకడు "అత్తా, ఇది చూసుకో, పుకార్లు వినబాక" అని ఈ యాప్ వేసిచ్చాడు. అప్పటినుంచి కార్తీకం వస్తే బంగాళాఖాతంలో సుడి ఎక్కడైనా కడుతోందా అని చూడటం అలవాటైంది. దానికోసం నేనెప్పుడూ పైసా కట్టలేదు. డబ్బులు కట్టింది మారిషస్ కోసం.

మా పాపకి మొదట కావాల్సింది మాల్దీవులు. రీల్స్‌లో నీళ్ల మీద గుడిసెలు చూసి పడిపోయింది. రేటు చూశాక తనే ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మారిషస్‌కైతే మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, తినడానికి పప్పూ అన్నం దొరుకుతాయి. పైగా అక్కడ తెలుగువాళ్లున్నారు, ఉగాదికి సర్కారు సెలవుంటుంది. మా అత్తకి ఈ చివరి ముక్క ఒక్కటే చెప్పాను, సరిపోయింది. మా ఆయన మాత్రం "సముద్రమే గదా, తూపిలిపాళెం మన జిల్లాలోనే ఉండాది, పొద్దున పోయి సాయంత్రం రావచ్చు" అని చాలా రోజులు పట్టుబట్టాడు. పోవాల్సే వస్తే సంక్రాంతి సెలవుల్లో పోదాం, సెలవు పెట్టే పని ఉండదన్నాడు.

ఆ సంక్రాంతి మాట తేల్చింది ఈ యాపే. 2024 జనవరి 15న, మనం ఇక్కడ ముగ్గులు వేసుకుంటున్న రోజున, బెలాల్ అనే తుపాను మారిషస్‌ని తాకింది. పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు తేలాయి. పాప ఫోన్ లాక్కుని చూసి, "అమ్మా, ఇది మన తుపాన్లకి ఎదురుగా తిరగతా ఉంది" అంది. నిజమే, భూమధ్యరేఖకి అవతల తుపాన్లు గడియారం ముళ్లు తిరిగే వైపే తిరుగుతాయి. అక్కడ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. ఇక మాకు మిగిలింది వేసవి సెలవులు. మే చివర్లో పోయి, జూన్‌లో బడి తెరిచేలోపు తిరిగి రావాలి.

ప్యాకేజీలు అమ్మే ఒకాయన ఆ రోజులకి తూర్పు తీరంలో, బెల్ మార్ వైపు, మంచి హోటల్ చూపించాడు. ఫొటోలు చూస్తే ఎవరైనా పడిపోతారు. తెల్లటి ఇసుక, లేతాకుపచ్చ నీళ్లు, సగం రేటు. సగం ఎందుకంటే, ఆఫర్ అన్నాడు. ఫొటోల్లో గాలి కనపడదు కదా.

పాపకి ఈత రాదు. తిరుపతిలో పుట్టిన పిల్లకి ఈతతో ఏం పని? అందుకే నీళ్లు కదలకుండా, నడుం లోతు దాటకుండా ఉండే బీచ్ చూడాలని నా పట్టుదల. మారిషస్ చుట్టూ పగడపు దిబ్బలు గోడ కట్టినట్టుంటాయి, పెద్ద అలలు బయటే విరిగిపోతాయి, లోపల నీళ్లు చెరువులా ఉంటాయని ఎక్కడ చూసినా రాశారు. అలాంటప్పుడు తూర్పైతే ఏం, పడమరైతే ఏం?

అది తెలుసుకుందామనే ఒక సాయంత్రం మేడ మీద కూర్చుని యాప్ తెరిచాం. ఆషాఢం, ఇక్కడ ఆరేసిన బట్టలు పక్కింటి మేడ మీద తేలే రోజులు. మారిషస్ మీదికి దగ్గరగా పోతే గీతలన్నీ కింద కుడి మూల నుంచి, అంటే ఆగ్నేయం నుంచి వచ్చి తూర్పు తీరానికి సూటిగా కొట్టుకుంటున్నాయి. దీవి మధ్య కొండలు దాటేసరికి పలచబడుతున్నాయి. పడమటి తీరం, ఫ్లిక్ అన్ ఫ్లాక్ వైపు, గీతలు అసలు కదులుతున్నాయా అన్నట్టున్నాయి. సగం రేటు సంగతి అప్పుడు తెలిసింది. పగడపు గోడ పెద్ద అలని ఆపుతుందేగానీ గాలిని ఆపదు. ఆ గాలికి లోపలి నీళ్లు కూడా గరుకుగా రేగుతాయి, ఇసుక లేస్తుంది, నీళ్లలో తల పెట్టినా చేపలు కనపడవు.

అంతవరకూ ఏ గాలి యాప్ అయినా చెప్పేదే. పాప రెండు వేళ్లతో మ్యాప్‌ని చిన్నది చేసింది. మారిషస్ ఆవగింజంత అయింది, హిందూ మహాసముద్రం మొత్తం తెర మీదికొచ్చింది. దీవికి బాగా దక్షిణాన పెద్ద సుడి, చాలా నిదానంగా, మన తుపాన్లలాగే ఎడమకి తిరుగుతోంది. దాని అంచు నుంచి బయల్దేరిన గీతలు మారిషస్‌ని రాసుకుంటూ వాయవ్యానికి పోయి, ఆఫ్రికా పక్కన భూమధ్యరేఖ దాటి, అక్కడ ఒక్కసారిగా కుడికి తిరిగి సోమాలియా తీరం వెంబడి ఎర్రగా చిక్కబడి, అరేబియా సముద్రం అంతా ఈడ్చుకొచ్చి కేరళకి గుద్దుకుంటున్నాయి. నైరుతి రుతుపవనం! పడమటి కనుమల్లో నీళ్లన్నీ దించేసి, ఉత్త చేతులతో కర్ణాటక దాటి, చిత్తూరు మీదుగా మా మేడ మీదికొచ్చి బట్టలు ఎగరేస్తోంది. మేం తప్పించుకోవాలని చూస్తున్న ఆ బెల్ మార్ గాలీ, మా ఆషాఢం గాలీ ఒకే తాడు.

"మేయ్, ఇది మీ సోషల్ పుస్తకంలో ఉందా?" అన్నాను. ఉందంట. భూమి తిరగడం వల్ల రేఖ దాటగానే గాలి పక్క మారుస్తుందని కింది తరగతిలో బట్టీ పట్టి రాసిందంట, మార్కులు కూడా వచ్చినాయంట. కానీ ఇలా కళ్ల ముందు పారుతుంటే చూడలేదు. దక్షిణాన ఉన్న ఆ సుడిని మాస్కరీన్ అధిక పీడనం అంటారని తనే వెతికి చెప్పింది. మారిషస్, రీయూనియన్ ఉన్న దీవుల గుంపు పేరే దానికి పెట్టారు. వానలు ఎలా ఉంటాయో చెప్పేటప్పుడు వాతావరణ శాఖ వాళ్లు దాని బలం కూడా చూస్తారు. నాకు ఇంత వయసొచ్చినా, మా ఊరికి నైరుతిలో వాన సరిగా పడక నవంబర్ దాకా ఎదురుచూడాల్సి రావడం ఎందుకో ఆ తెర మీద చూసినంత తేటగా ఎవరూ చెప్పలేదు. ఈ యాప్‌కి నా అభిమానం మొత్తం ఆ సాయంత్రానిదే. ఇకమీద నేను ఏం తగ్గించి చెప్పినా దాన్ని పక్కన పెట్టి చదవండి.

ఏ యాప్ అయినా పది రోజుల తర్వాతి గాలి గురించి చెప్పేదాన్ని నమ్మలేం. మా ప్రయాణమేమో దాదాపు ఏడాది దూరంలో ఉంది. దానికి పాప కనిపెట్టిన ఉపాయం నాకు నచ్చింది. రోజూ అన్నం తిన్నాక రెండు బీచ్‌ల మీదా వేలు పెట్టి, అక్కడి గాలి వేగం లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంది. తూర్పున 28, 30, 26. పడమట 12, 14, 9. మధ్యలో మానేసింది, మళ్లీ మొదలుపెట్టింది. గంట గంటకీ గాలి చూడాలంటే చందా కట్టాలి, ఉచితంగా అయితే మూడు గంటలకోసారే. తెల్లారే ఎలా ఉంటుందో, మధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలియాలి అంది. కట్టాం. సగం రేటు హోటల్ వదులుకుని ఫ్లిక్ అన్ ఫ్లాక్‌లో మామూలు అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఖర్చు పెరిగింది.

పోయొచ్చాక చెప్పేది ఏమిటంటే, ఎంపిక వరకూ యాప్ మాట నిలబడింది. చెన్నై నుంచి ముంబై, అక్కడి నుంచి ఆరు గంటలు పైన విమానం, దిగాక దీవిని అడ్డంగా దాటే గంట ప్రయాణం. తెల్లారి బీచ్‌కి నడిస్తే నీళ్లు నూనెలా ఉన్నాయి. పాప మూడో రోజుకల్లా ముక్కు మూసుకుని చేపలు చూసింది. అయితే నీళ్లు చల్లగా ఉంటాయని, అది వాళ్లకి చలికాలం మొదలని గాలి గీతలు చెప్పవు. నేను మోకాళ్లు దాటి పోలేదు.

తేడా కొట్టింది ల మోర్న్ దగ్గర. దీవికి నైరుతి మూలన 556 మీటర్ల రాతికొండ, పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు. 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కింద బీచ్ కూడా బాగుంటుందని విని ఆ పొద్దున చూసుకుంటే యాప్ 13 చూపించింది. సరే, ఫ్లిక్ లాగే ఉంటుందని చాప, పులిహోర, తువ్వాళ్లు సర్దుకుని పోయాం. కారు దిగగానే తలుపు చేతిలోంచి జారిపోయింది. ఇసుక పిక్కలకి సూదుల్లా గుచ్చుకుంది. పులిహోరలో ఇసుక, జుట్టులో ఇసుక, మా ఆయన టోపీ సముద్రంలో. అక్కడే ఫోన్ తీసి చూస్తే ఇంకా 13 అనే అంటోంది.

పడవలు నడిపే ఒకాయన నవ్వి, కొండ మూల తిరిగే చోట గాలి గట్టిపడుతుంది, ఇది ఎప్పుడూ ఇంతే అన్నాడు. మా సందు మొదట్లో అపార్ట్‌మెంట్ మూల దగ్గర ఆషాఢంలో కొంగు నిలవదు, పది అడుగులు లోపలికొస్తే గాలే ఉండదు, అలాంటిదే. ఇంటికొచ్చాక వెతికితే కారణం దొరికింది. యాప్‌లో నేను చూసే గాలి అంచనా యూరప్ వాతావరణ కేంద్రం వాళ్లది, మ్యాప్‌ని సుమారు 9 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి లెక్క కడుతుంది. ఒక గడికి ఒక గాలి. మారిషస్ పొడవే 65 కిలోమీటర్లు, వెడల్పు 45. దీవి మొత్తానికి కలిపి చిన్న చదరంగం బల్ల అన్ని గడులు కూడా రావు. ఆ నున్నటి తెల్ల గీతలు మధ్యలో ఖాళీలని యాప్ అందంగా పూడ్చేసినవి. కొండ మూల ఆ లెక్కలో లేనే లేదు. చూడటానికి మాత్రం వీధి వీధికీ తెలిసినట్టే గీస్తుంది, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ మాటకొస్తే మన ఊళ్లోనూ అంతే. మిచాంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు నాలుగైదు రోజుల ముందు నేను గీతలు చూసి చెన్నైలో ఉన్న చెల్లెలికి, నెల్లూరులో ఉన్న వదినకి చెప్పిన చోట్లు వేరు. సుడి ఉందా లేదా అన్నది బాగా చెబుతుంది, ఎక్కడ దిగుతుందో రోజుకోమాట. శేషాచలం కొండలకి తగిలి ఎంత కురుస్తుందన్నది అసలు అడగకూడదు.

ఇంకో సంగతి. ల మోర్న్‌లో ఆ రోజు గాలిపటాలు కట్టుకుని నీళ్ల మీద ఎగిరే కుర్రకారు నిండిపోయారు. ప్రపంచం నలుమూలల నుంచి ఆ గాలి కోసమే వస్తారంట అక్కడికి. నేను కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే, పాప ఇసుకలో అలాగే నిలబడి వాళ్లని చూస్తా ఎండలో మాడిపోయింది. సెలవు మొత్తంలో బాగున్నదేదని అడిగితే ఆ పూటే అంటుంది. ఏడాది పొడుగునా గాలి లేని బీచ్ కోసం నోటుబుక్కు నింపింది ఈ పిల్లే.

కాబట్టి ఎవరు తీసుకోవాలంటే ఖచ్చితంగా చెప్పలేను. ఈత రాని పిల్ల, మే, జూన్ తప్ప వేరే సెలవు లేని ఇల్లు, మారిషస్ లాంటి చోటు, ఈ మూడూ కుదిరితే మంచి హోటల్ బేరం కంటే ఇది ఎక్కువ ఆదా చేస్తుంది, మా లెక్క ప్రకారం. అక్టోబర్, నవంబర్‌లో పోగలిగితే అక్కడ ఆగ్నేయ గాలి తగ్గుతుంది కాబట్టి తూర్పా పడమరా అన్న చింత అంత ఉండకపోవచ్చు. మాల్దీవులకో, గోవాకో ఇది పనికొస్తుందా అంటే నేను పోయి చూడలేదు. ఎక్కడికైనా, తీరం ఎంచుకోవడానికి వాడండి, ఆ పూట బీచ్‌కి పోవాలా వద్దా అన్నది పడవవాళ్లని అడగండి.

చందా ఈ నెలతో అయిపోతుంది. పాప టెన్త్, వచ్చే వేసవికి యాడికీ పోయేది లేదని మా ఆయన ఇప్పటికే తేల్చేశాడు. నేను కట్టడం లేదు. బంగాళాఖాతానికి మూడు గంటలకోసారి చూసుకుంటే చాలు.