రాజీనామానా, రిట్రెంచ్‌మెంటా: ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వంటి చోట్ల ఫ్యాక్టరీలో మనుషులను తగ్గించాలనుకున్నప్పుడు, చాలాసార్లు రిట్రెంచ్‌మెంట్ (శిక్షగా కాకుండా యాజమాన్యమే పనిలోంచి తీసేయడం) నోటీసు కంటే ముందు రాజీనామా కాగితమే కార్మికుడి చేతికి వస్తుంది. సంతకం పెడితే రెండు నెలల జీతం వెంటనే ఇస్తామంటారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని చదివి చెప్పేవారు దొరకక, అదే పెద్ద మొత్తమనుకుని సంతకం చేసే తెలుగువారు మన మధ్య ఉన్నారన్నది బాధ కలిగించే విషయం.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాదికి తక్కువ కాకుండా నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలంటే కారణం చూపుతూ నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి లేదా ఆ నెల జీతం చెల్లించాలి; దానికి తోడు పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 300 మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో నోటీసు మూడు నెలలు, పైగా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. స్వచ్ఛందంగా వైదొలగినవారికి ఇవేవీ రావు.

నెలకు 26,000 రూపాయలతో ఎనిమిదేళ్లు పనిచేసిన వ్యక్తికి పరిహారం సుమారు 1,04,000, నోటీసు జీతం 26,000, వెరసి 1,30,000 వస్తుంది. రాజీనామాకు ఇస్తామన్నది 52,000 మాత్రమే. ఐదేళ్లు దాటినందున గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసిన సేవకు పని వదిలేటప్పుడు యాజమాన్యం ఇచ్చే మొత్తం) రెండు దారుల్లోనూ వస్తుంది కాబట్టి, దాన్ని తమ ఉదారతగా చూపిస్తే నమ్మకూడదు. అపాయింట్‌మెంట్ ఆర్డరులో ఉద్యోగి మూడు నెలల నోటీసు ఇవ్వాలని ఉంటే, రాజీనామా చేసి వెంటనే వెళ్లిపోయేవారి సెటిల్‌మెంట్‌లో ఆ జీతాన్ని కోసే ప్రమాదమూ ఉంది. ఆ కోత ఉండదని రాతలో తీసుకోనిదే సంతకం పెట్టకూడదు.

అయినా రాజీనామా మేలైన సందర్భాలు లేకపోలేదు. ఏడాది సర్వీసు నిండనివారికి పై పరిహారం ఎలాగూ రాదు. సూపర్‌వైజర్ హోదాలో నెలకు 18,000 దాటి తీసుకునేవారు ఈ కోడ్ దృష్టిలో కార్మికులు కారు; వారికి కాంట్రాక్టు షరతులే ప్రధాన ఆధారం కనుక, ఆ షరతుల ప్రకారం రావలసిన నోటీసు జీతం కంటే ఎక్కువ ఇస్తామంటే తీసుకోవచ్చు. విశాఖలో ఉద్యోగం ఖాయమై, రిలీవింగ్ లెటర్ (పాత ఉద్యోగం నుంచి విడుదల చేసినట్లు ఇచ్చే పత్రం) త్వరగా కావలసినవారి లెక్క కూడా వేరు. మిగిలినవారికి రిట్రెంచ్‌మెంట్ నోటీసు కోసం ఆగడమే మేలని నా గట్టి అభిప్రాయం.

పార్వతీపురం వైపు నుంచి రోజూ సరిహద్దు దాటి పనికి వచ్చేవారు ఒకటి గమనించాలి: ఇల్లు ఆంధ్రలో ఉన్నా, పనిచోటు రాయగడ జిల్లాలో ఉంటే వివాదాన్ని ఒడిశా కార్మిక శాఖ జిల్లా అధికారి ముందే పెట్టాలి. ఫిర్యాదును ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించి, జీతం చీటీలు, అపాయింట్‌మెంట్ ఆర్డరు నకళ్లు జతచేసి, అందినట్లు ముద్ర వేయించుకున్న ప్రతిని దగ్గర ఉంచుకోవాలి.