ఉప్పునీటి చేపల ట్యాంకు: మేత రోజుకు ఒకసారా, మూడుసార్లా?

ఖర్చు: దాదాపు ఒకటే. పెరిగేది మేత కాదు, పూటలు.

శ్రమ: ఒకసారైతే ఆఫీసుకెళ్లే ముందే పని అయిపోతుంది. మూడుసార్లంటే మధ్యాహ్నం ఇంట్లో ఎవరైనా ఉండాలి, లేదా గుళికల మేతకు ఆటో ఫీడర్ పెట్టాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ఒకేసారి గుమ్మరిస్తే మిగిలింది రాళ్ల సందుల్లో చేరి కుళ్లుతుంది. అమ్మోనియా, ఆపై నైట్రేట్, ఫాస్ఫేట్ పెరిగి నాచు కమ్మేస్తుంది. చిటికెడు చొప్పున వేస్తే రెండు నిమిషాల్లో ఖాళీ. కానీ మూడుసార్లూ చెయ్యి జారిందంటే నష్టం మూడింతలు! ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన, రొయ్యల్లాంటి చిన్న జీవులు) అయితే కప్పులో కరిగించి, టీ జల్లెడలో వడకట్టి, ఆ మురికినీళ్లు పారబోశాకే వేయండి. వేసేటప్పుడు రిటర్న్ పంపు (సంప్, అంటే కింది ఫిల్టర్ తొట్టి నుంచి నీటిని పైకి ఎక్కించేది) ఆపండి, లేకపోతే మేత సంప్‌లోకి కొట్టుకుపోతుంది.

ఎవరికి ఏది: ఎదిగిన క్లౌన్‌ఫిష్ జంటకు ఒకసారి చాలు. పిల్ల చేపలకు మూడుసార్లు మంచిది. ఆంథియాస్ చేపలు ఉంటే మూడుసార్లు తప్పదు. సముద్రంలో అవి పగలంతా ప్లవకాలు (నీటిలో తేలే చిన్న జీవులు) ఏరుకు తింటాయి, ఒక్కపూట మేతతో పొట్ట లోపలికి పోయి చిక్కిపోతాయి, పాపం. నాచు మేసే టాంగ్ చేపలకు మాత్రం పగలు కొరుక్కోవడానికి క్లిప్పుకు నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క తగిలించండి. పెద్ద లయన్‌ఫిష్‌కైతే వారానికి రెండు మూడుసార్లు వేస్తే సరిపోతుంది.