ఆమె చెప్పింది, అతడు వినలేదు: '500 డేస్ ఆఫ్ సమ్మర్'

ఇది ప్రేమకథ కాదని మొదటి నిమిషాల్లోనే కథకుడి గొంతుతో చెప్పేసి, ఆ తర్వాత గంటన్నర పాటు ఆ మాట ప్రేక్షకుడికి గుర్తు రాకుండా చేయడంలోనే '500 డేస్ ఆఫ్ సమ్మర్' నేర్పంతా ఉంది. 2009 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమై, అదే ఏడాది జూలైలో అమెరికాలో విడుదలైన ఈ చిత్రానికి మార్క్ వెబ్ దర్శకుడు. అంతవరకు మ్యూజిక్ వీడియోలు తీస్తూ వచ్చిన ఆయనకు ఇదే మొదటి కథాచిత్రం. స్కాట్ న్యూస్టాటర్, మైకేల్ హెచ్. వెబర్ కలిసి రాసిన ఈ కథలో జోసెఫ్ గోర్డన్-లెవిట్, జూయీ డెషనెల్ నాయికానాయకులు. నిడివి 95 నిమిషాలే కనుక, మన లెక్కలో చూస్తే ఇంటర్వెల్ దాటిన కాసేపటికే శుభం కార్డు పడినట్టు.

టామ్ లాస్ ఏంజెలెస్‌లో గ్రీటింగు కార్డుల మీద మాటలు రాసే ఉద్యోగి. చదివింది ఆర్కిటెక్చర్, చేస్తున్నది ఇది. ఆఫీసులో కొత్తగా చేరిన సమ్మర్ అనే అమ్మాయిని చూసీ చూడగానే, తన కోసం పుట్టిన మనిషి ఈమేనని అతడు తీర్మానించుకుంటాడు. తల్లిదండ్రులు విడిపోవడం చూసి పెరిగిన ఆమెకు అటువంటి నమ్మకాలు ఏమాత్రం లేవు. ఇద్దరూ దగ్గరవుతారు, కొంతకాలం కలిసి తిరుగుతారు, విడిపోతారు. కథ ఇంతే, దీన్ని దాచాలన్న ప్రయత్నం కూడా చిత్రం చేయదు. ఎన్నో రోజు జరుగుతున్నదో తెలిపే అంకె ప్రతి సన్నివేశానికీ ముందు తెర మీద పడుతుంది, ఆ అంకె వెనుక బొమ్మగా గీసిన చెట్టు ఒకటి రోజును బట్టి పచ్చగానో మోడువారిపోయో కనిపిస్తుంది. అంకెలు వరుసలో రావు. 290వ రోజున ఒక హోటల్లో ఆమె ఇక చాలని చెప్పేసిన సంగతి మనకు చాలా ముందే తెలిసిపోతుంది కనుక, వీళ్లు కలుస్తారా లేదా అన్న ఆరాటం ఎలాగూ ఉండదు. ఎక్కడ చెడింది అన్న ప్రశ్నే మిగులుతుంది. ప్రేమలో దెబ్బతిన్నవాడు రాత్రిళ్లు నిద్ర పట్టక ఆలోచించేది కూడా ఇదే వరుసలేని వరుసలో కనుక, ఈ కూర్పు వట్టి గారడీగా నాకు అనిపించలేదు.

దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ ఐకియా అనే ఫర్నిచర్ దుకాణంలోని రెండు సన్నివేశాలు. (2018లో హైదరాబాదులో దేశంలోనే మొదటి ఐకియా తెరిచాక, మా హనుమకొండ నుంచి కూడా పిల్లాపాపలతో వెళ్లి, అక్కడ పరిచిపెట్టిన సోఫాల్లో కూర్చుని ఫోటోలు దిగి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు కనుక, ఈ సన్నివేశం ఇప్పుడు మనవాళ్లకు 2009లో కంటే బాగా పడుతుంది.) మొదట మనం చూసేది చెడిపోతున్న రోజుల్లోని సందర్శన. టామ్ అక్కడి నమూనా వంటగదిలో నిలబడి, మన కుళాయి పాడైందంటూ హాస్యమాడతాడు, ఆమె నవ్వదు, ముందుకు నడిచిపోతుంది. ఆ మాటలో నవ్వడానికేముందో మనకూ అర్థం కాదు. ఆ తర్వాత చిత్రం వెనక్కి, 34వ రోజుకు వెళుతుంది. అప్పుడు ఇద్దరూ అదే దుకాణాన్ని తమ ఇల్లుగా భావించుకుని, వచ్చీపోయేవాళ్లను పట్టించుకోకుండా, ఈ వంటగదిలో కుళాయి పాడైతే పక్కనున్న ఇంకో వంటగదిలోకి పరుగులు తీస్తూ కొత్త దంపతుల్లా ఆడుకుంటారు. చల్లబడిన మాటను ముందు వినిపించి, అది వెచ్చగా ఉన్నప్పటి సంగతిని తర్వాత చూపడం వల్ల, పాత సరసాన్ని మళ్లీ రాజేయబోయిన మనిషి దైన్యం రెండింతలుగా తెలుస్తుంది.

అయితే 34వ రోజు అంత నవ్వుల మధ్య, అదే దుకాణంలో, సమ్మర్ ఒక మాట చెబుతుంది. తాను గట్టి సంబంధం దేనికోసమూ చూడటం లేదని, అందుకు అభ్యంతరమేమీ లేదు కదా అని టామ్‌ను అడుగుతుంది. అతడు లేదంటాడు. కథలోని మొత్తం తగువుకు కీలకం ఇక్కడ ఉంది, కానీ దర్శకుడు దాన్ని సంగీతంతో గాని, దగ్గరి షాట్‌తో గాని గుచ్చి చెప్పడు. తేలికగా అనేసిన మాట తేలికగానే వెళ్లిపోతుంది.

మా ఇంటి హాల్లో గోడ మీద ప్రొజెక్టరు వేసుకుని చూసినప్పుడు ఈ మాట దగ్గరే తగువు మొదలైంది. నాతో పాటు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడొకాయనకు, విడిపోయిన కొన్ని నెలలకే సమ్మర్ ఇంకొకరిని పెళ్లాడటం అసలు మింగుడు పడలేదు. "పెండ్లే వద్దన్నది గదా, మరి గా ఇంకొకన్ని ఎట్ల చేస్కున్నది?" అని ఆయన గట్టిగానే అడిగారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మా మేనకోడలు వెంటనే అందుకుని, "ఆమె ముందుగాల్నే చెప్పింది గదా మామా, ఈయ్ననే ఇనలే" అన్నది. ఈ రెండు మాటల మధ్యనే సినిమా అంతా నడుస్తుంది. సమ్మర్ పెళ్లి తర్వాత పార్కు బెంచీ మీద ఇద్దరూ కలుసుకున్నప్పుడు ఆమె ఇచ్చే సమాధానం కూడా మా మిత్రుడి ప్రశ్నకే. టామ్‌తో ఉన్నప్పుడు ఎన్నడూ కలగని నిశ్చయం ఆ మనిషితో ఉండగా ఒక పొద్దున లేచేసరికి కలిగిందని ఆమె చెబుతుంది. ఇంతకంటే నిజాయితీ ఉన్న జవాబు నాకు తోచడం లేదు, వినేవాడికి ఇంతకంటే కష్టమైనదీ తోచడం లేదు.

మన తెలుగు ప్రేక్షకుడి మనసు టామ్ వైపు మొగ్గడంలో వింత లేదు. 1953 నాటి దేవదాసు నుంచి గడ్డం పెంచుకున్న భగ్నప్రేమికుడిని మనం నెత్తిన పెట్టుకుంటూనే ఉన్నాం. పైగా ఈ చిత్రం కూడా అతడి జ్ఞాపకాల్లోంచే కథ చెబుతుంది. తొలి రాత్రి కలిసి గడిపిన మర్నాడు టామ్ వీధిలోకి వస్తే దారినపోయేవాళ్లంతా అతడితో కలిసి నర్తిస్తారు, బ్యాండుమేళం వస్తుంది, బొమ్మ పిట్ట ఒకటి వచ్చి చేతి మీద వాలుతుంది, కారు అద్దంలో చూసుకుంటే తన ముఖానికి బదులు స్టార్ వార్స్ చిత్రంలోని హాన్ సోలో ముఖం కనిపిస్తుంది. మన డ్యూయెట్టుకు ఏమాత్రం తీసిపోని ఈ పాట ముగిసి అతడు లిఫ్టు ఎక్కగానే తలుపులు మూసుకుంటాయి. అవి తెరుచుకునేసరికి 303వ రోజు, లోపల చింపిరి జుట్టుతో వేలాడిపోయిన మనిషి. నవ్వించి చెంపదెబ్బ కొట్టే ఇటువంటి ఎడిటింగు కోతలు సినిమాలో ఇంకా ఉన్నాయి.

అన్నిటికంటే మెచ్చదగినది మేడ మీది విందు. విడిపోయాక సమ్మర్ పిలుపు మీద టామ్ వెళతాడు. తెర నిలువునా రెండుగా చీలి, ఎడమవైపు అతడు ఊహించుకున్నది, కుడివైపు నిజంగా జరిగినది ఒకేసారి నడుస్తాయి. ఎడమవైపు ఆమె అతడిని ముద్దాడి ఆహ్వానిస్తుంది, కుడివైపు స్నేహితురాలిగా కౌగిలించుకుంటుంది. అతడు కానుకగా తెచ్చిన పుస్తకం ఒకవైపు ముచ్చటను, ఇంకోవైపు మర్యాదను అందుకుంటుంది. ఎడమవైపు ఇద్దరే ఒక మూల చేరి మాట్లాడుకుంటూ ఉంటారు, కుడివైపు అతడు గ్లాసు పట్టుకుని ఒంటరిగా నిలబడి ఉంటాడు. చివరకు ఆమె ఎవరికో తన వేలి ఉంగరం చూపడం కుడివైపు కనిపించగానే నిజం తెరంతా ఆక్రమిస్తుంది. టామ్ మెట్లు దిగి వీధిలో నడుస్తుండగా నగరం పెన్సిలు గీతగా మారి, చెరిగిపోతుంది. ఆర్కిటెక్టు కావలసిన వాడి గుండె పగలడాన్ని చూపడానికి ఇంతకంటే తగిన పద్ధతి దొరకదు. మాటల్లేకుండా, కన్నీళ్లు పెట్టించకుండా సాగిన ఆ కొద్ది నిమిషాల కోసమైనా ఈ చిత్రం చూడవచ్చు.

ఈ చిత్రం వచ్చిన కాలానికి మా ఊళ్లో మరో జ్ఞాపకం ఉంది. 2008 డిసెంబరులో, ప్రేమ నిరాకరణ నేపథ్యంలో, వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు ఆ నెలాఖరులోనే మరణించారు. టామ్‌ను ఆ దుర్మార్గం పక్కన నిలబెట్టడం అన్యాయమే, ఆ పని నేను చేయను. అతడు మెత్తని మనిషి, సమ్మర్‌ను బెదిరించడు, వెంటాడడు. కానీ ఆడపిల్ల చెప్పిన మాటను తనకు అనుకూలంగా మార్చుకుని వినే అలవాటు అటువంటి మెత్తని మనుషుల్లోనూ ఉంటుందని ఈ సినిమా చూపిస్తుంది. బారులో సమ్మర్‌ను వేధించిన వాడిని టామ్ కొట్టి, ఆ తర్వాత ఆమెతో తగువు పడినప్పుడు, మనం స్నేహితులమే అని ఆమె అంటే, ఈ విషయంలో చెప్పే హక్కు నీకొక్కదానికే లేదు, మనం జంటేనని నేనంటున్నాను అని అరుస్తాడు. సంబంధం ఉండాలంటే ఇద్దరి ఒప్పుదలా కావాలని, లేదనడానికి ఒకరి మాట చాలని అతడికి తట్టదు. ఈ సన్నివేశంలో దర్శకుడు టామ్‌ను వెనకేసుకు రాకపోవడం నాకు బాగా నచ్చింది. ఆ పాత్ర వేసిన గోర్డన్-లెవిట్ స్వయంగా తర్వాతి కాలంలో, టామ్ తన ఊహలను ఆమె మీద రుద్దాడని, తప్పు ఎక్కువగా అతడిదేనని పలుమార్లు చెప్పారు. టామ్‌కు మొదటినుంచీ సరైన సలహా ఇచ్చేది అతడి చిన్న చెల్లెలు రేచల్ ఒక్కతే. క్లోయీ గ్రేస్ మొరెట్జ్ ఆ చిన్న వయసులోనే ఆ పాత్రను పెద్దమనిషి తరహాలో పండించింది.

లోపం లేకపోలేదు. అతడి కళ్లతో చూపాలన్న నియమం పెట్టుకున్నందుకు సమ్మర్ లోపల ఏముందో మనకు చివరిదాకా అందదు. 'ది గ్రాడ్యుయేట్' అనే 1967 నాటి చిత్రం చూస్తూ ఆమె హాల్లో వెక్కివెక్కి ఏడుస్తుంది, టామ్‌కు ఎందుకో తెలియదు. పారిపోయి బస్సెక్కిన జంట ముఖాల్లోని నవ్వు నెమ్మదిగా ఆరిపోవడంతో ఆ పాత చిత్రం ముగుస్తుందని తెలిసినవాళ్లకు ఆమె ఏడుపు అర్థమవుతుంది, తెలియనివాళ్లకు ఆమె వింత మనిషిగానే మిగులుతుంది. డెషనెల్ ముఖంలో పలికించిన అనుమానాలు, విసుగు ఆ ఖాళీని కొంత పూడ్చాయి. ఆమె వైపు నుంచి ఒక్క రోజైనా చూపి ఉంటే చిత్రం బరువు పెరిగేది. సంభాషణలు చాలావరకు ఇంగ్లీషు పాటల ఇష్టాయిష్టాల చుట్టూ తిరుగుతాయి కనుక మనవాళ్లకు అక్కడక్కడ పట్టు దొరకకపోవచ్చు. పార్కులో ఇద్దరూ పోటాపోటీగా బూతుమాట అరిచే ఆట వంటివి ఉన్నాయి కనుక, చిన్నపిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూసే చిత్రమూ కాదు.

ముగింపు మీద మాత్రం నాకు పేచీ ఉంది. కార్డుల ఉద్యోగం వదిలేసి తిరిగి గీతలకు చేరుకున్న టామ్, 1893లో కట్టిన బ్రాడ్‌బరీ భవనంలో ఇంటర్వ్యూకు వెళతాడు. ఇనుప కటకటాలు, పైకప్పు నుంచి దిగే వెలుతురుతో ఆ భవనం అంత అందంగా కనిపించాక, అక్కడికే ఇంటర్వ్యూకు వచ్చిన ఒక అమ్మాయి అతడికి తారసపడుతుంది. ఆమెను కాఫీకి రమ్మంటాడు, ముందు కుదరదంటుంది, వెంటనే మనసు మార్చుకుంటుంది. పేరు అడిగితే ఆటమ్ అంటుంది, అంటే ఎండాకాలం వెళ్లాక వచ్చే ఋతువు. టామ్ కెమెరా వంక చూస్తాడు, అంకె 500 నుంచి ఒకటికి తిరుగుతుంది. విధి లేదు, ఉన్నది యాదృచ్ఛికమేనని కథకుడు అప్పుడే చెప్పి ముగించాడు. ఆ వెంటనే విధి తప్ప మరెవ్వరూ పెట్టలేని పేరుతో ఒక అమ్మాయిని తెచ్చి నిలబెట్టడం, నూరు నిమిషాలకు దగ్గరగా కాపాడుకుంటూ వచ్చిన నిబ్బరాన్ని ఒక చమత్కారానికి అమ్ముకోవడమే. మా మేనకోడలు అక్కడ చప్పట్లు కొట్టింది కనుక, ఆ చమత్కారం పనిచేయలేదని అనలేను. నా మట్టుకు, ఆమె కాఫీకి సరేనన్నాక పేరు అడగకుండానే, అంకె 500 దగ్గరే ఆగి ఉంటే ఇంకా నచ్చేది.