చెర్రీ బ్లాసమ్ పేరుతో అమ్ముతున్న మొక్కలు: విజయవాడ, గుంటూరు వారికి హెచ్చరిక

ఇంటి ముందు నాటడానికి చిన్న పూలచెట్టు కోసం చూస్తున్నవారు మోసపోకూడదని ఇది రాస్తున్నాను. గత జనవరిలో విజయవాడ శివారులోని ఒక నర్సరీలో జపాన్ చెర్రీ బ్లాసమ్ అని చెప్పిన మొక్కలు రెండు, ఒక్కొక్కటి 1,800 రూపాయల చొప్పున కొన్నాను. రెండూ ఆకు లేని మోడులే. చలికి తట్టుకునే జాతి కనుక ఎండకూ తట్టుకుంటుందని, పన్నెండు అడుగులకు మించి పెరగదని, రెండో ఏడే పూస్తుందని అమ్మినాయన భరోసా ఇచ్చారు.

చెర్రీ చలిని తట్టుకోవడమే కాదు, చలి లేనిదే సరిగా పూయదు. శీతకాలంలో సుమారు 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేనే దాని మొగ్గలు నిద్ర లేస్తాయి. భోగి నాడు తెల్లవారుజామున మంట వేసుకునే వేళ కూడా మన దగ్గర సాధారణంగా 17, 18 డిగ్రీలు ఉంటుంది. నవంబరులో షిల్లాంగ్‌లో పూసే హిమాలయ చెర్రీ కూడా కొండ చలిలో పెరిగేదే.

మార్చిలో మొదటి మొక్క చిగురించినప్పుడు ఒకే కాడకు ఐదు ఆకులు చేతివేళ్లలా విచ్చుకున్నాయి. చెర్రీకి కాడకు ఒక్కటే ఆకు, దాని అంచున రంపపు పళ్లు, ఆకు మొదలయ్యే చోట కాడ మీద సాధారణంగా ఆవగింజ కన్నా చిన్న బుడిపెలు రెండు ఉంటాయి. మాకు అంటగట్టింది టబెబుయా రోజియా. బెంగళూరు వీధుల్లో గులాబీ రంగున పూసే ఆ చెట్టునే చాలామంది చెర్రీ అనుకుంటారు. చెట్టు మంచిదే, మన ఎండకు తట్టుకుంటుంది కూడా, కానీ 50 అడుగుల దాకా ఎదగగలిగే దాన్ని ఆయన మాట నమ్మి ప్రహరీకి నాలుగడుగుల దూరంలో నాటాను. రెండో మొక్కకు రంపపు అంచు, బుడిపెలు రెండూ కనిపించాయి. అది నాలుగైదు ఆకులు వేసి, అవి మే ఎండలకు అంచుల నుంచి మాడిపోగా, గోటితో బెరడు గీరితే లోపల పచ్చదనమే లేదు.

వెళ్లి అడిగితే నీళ్లు సరిగా పోయలేదన్నారు. నా దగ్గర ఉన్నది దుకాణం పేరైనా లేని తెల్లచీటీ. దయచేసి ఆకు చూడకుండా మోడును కొనకండి, బిల్లు మీద మొక్క శాస్త్రీయ నామం రాయించుకోండి. బిల్లు చేతిలో ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడం తేలిక. చిన్న స్థలానికి దేవకాంచనమో దేవగన్నేరో నాటుకుంటే మన నేలలో చక్కగా పూస్తాయి.

టబెబుయాను ఈ వానల్లో వేళ్లు తెగకుండా తవ్వించి, స్థలం ఉన్న మా ఊరి బడి ఆవరణలో నాటిస్తున్నాను. చెర్రీ ఎండిపోయిన గోతిలోకి పక్కింటి పిన్నిగారు దేవగన్నేరు కొమ్మ ఇస్తామన్నారు.